చదువు ఏ ఊరిది, లెక్క ఏ ఊరిది?

విజయనగరానికి విద్యల నగరమని పేరు. అక్కడి మహారాజా కళాశాల 1879 నాటిది. గురజాడ అప్పారావు అందులోనే చదివి, అందులోనే పాఠాలు చెప్పారు. 1919లో వెలసిన సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు, ఘంటసాల అక్కడి విద్యార్థి. అలాంటి ఊరు ముఖ్యపట్టణంగా ఉన్న జిల్లాలో 2011 జనగణన నాటికి అక్షరాస్యత 59 శాతం దాటలేదు. ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని పాత పదమూడు జిల్లాల్లో అదే అట్టడుగు. ఆడవాళ్ళలో చదవడం, రాయడం వచ్చినవారు సుమారు సగం మందే.

కళాశాల ఉన్నంత మాత్రాన చుట్టుపక్కల ఊళ్ళకు చదువు అందదని చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు. అయినా మన ప్రభుత్వాల ఆలోచన మాత్రం ఆ దారినే నడుస్తోంది. వెనకబడిన జిల్లా అనగానే ఒక విశ్వవిద్యాలయం ప్రకటిస్తారు. విజయనగరానికి కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది, గురజాడ పేరుతో సాంకేతిక విశ్వవిద్యాలయమూ వచ్చింది. రెండూ అవసరమే, కాదనను. కానీ ఐదో తరగతి తరవాత బడి మానేసిన పిల్లకు అవి ఎన్నడూ అందవు.

పట్టణాల చదువును పోల్చేటప్పుడు మనం చేసే అసలు పొరపాటు మరొకటుంది. 2011లో హైదరాబాద్ జిల్లా అక్షరాస్యత 83 శాతం, మహబూబ్‌నగర్ జిల్లాది 55 శాతం. ఉమ్మడి రాష్ట్రం మొత్తం మీద పట్టణాల్లో 80, పల్లెల్లో 60. ఈ అంకెలు చూసి నగరం చదివిస్తుంది, పల్లె చదివించదు అనుకుంటాం. అందులో కొంత నిజముంది. అయితే జనగణన మనిషిని ఉంటున్న చోట లెక్కిస్తుంది, చదువుకున్న చోట కాదు. నారాయణపేట సర్కారు బడిలో అక్షరాలు దిద్ది, పాలమూరులో, అంటే మహబూబ్‌నగర్‌లో, డిగ్రీ చేసి, మాదాపూర్‌లో ఉద్యోగంలో చేరిన అమ్మాయి మహానగరం ఖాతాలోకి వెళుతుంది. ఆమెను చదివించిన ఊళ్ళో మిగిలేది బడికి వెళ్ళని అవ్వ, సగంలో చదువు ఆపేసిన తమ్ముడు. పాలమూరు పెంచిన పంట హైదరాబాద్ గాదెలో కనిపిస్తుంది, పాలమూరు పేరు పక్కన 55 మిగులుతుంది.

విజయవాడదీ అదే కథ. పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలను ఇంటర్ కోసం రాష్ట్రం నలుమూలల నుంచీ అక్కడి హాస్టళ్ళలో చేర్పిస్తారు. హాస్టల్లో ఉన్నవాళ్ళను ఆ నగరవాసులుగానే లెక్కేస్తారు. నగరానికి వచ్చిన మంచి పేరులో సగం శ్రీకాకుళం, ప్రకాశం జిల్లాల తల్లిదండ్రులు అప్పు చేసి కట్టిన ఫీజులదే.

చదువుకున్నవాళ్ళు వెళ్ళిపోవడం ఒక నష్టం. చదవాల్సిన వయసులో పిల్లలు వెళ్ళిపోవడం అంతకన్నా పెద్ద నష్టం. ఆదోని, కోసిగి, మంత్రాలయం ప్రాంతాల్లో సుగ్గి అంటే తెలియని ఇల్లుండదు. సొంత పొలంలో పని అయిపోగానే కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని గుంటూరు వైపు మిరప కోతలకు బయల్దేరతాయి. పిల్లలూ వెంట వెళతారు. బడి రిజిస్టర్లో వాళ్ళ పేర్లుంటాయి, బెంచీలు ఖాళీగా ఉంటాయి. వేసవి ముందు తిరిగొచ్చేసరికి పాఠాలు అందనంత దూరం వెళ్ళిపోయి ఉంటాయి. ఆదోనిలో ఎన్ని కళాశాలలు కట్టినా ఈ పిల్లలు పదో తరగతి గడప దాటకపోతే వాటిలో చేరేదెవరు? వీళ్ళ కోసం సీజనల్ హాస్టళ్ళు పెట్టారు. అవి సుగ్గి మొదలైన వారంలోనే తెరుచుకుంటే ఉపయోగం. పిల్లలు బండెక్కాక తెరిస్తే ఎవరికి?

డెల్టాలో కథ ఇంకోలా సాగింది. 2011లో పశ్చిమ గోదావరి అక్షరాస్యత దాదాపు 75 శాతం, ఆంధ్ర జిల్లాలన్నిటిలో మొదటి స్థానం. అక్కడ మహానగరం లేదు. ధవళేశ్వరం ఆనకట్ట తరవాత కాలవ నీళ్ళతో రైతు చేతిలో డబ్బు ఆడింది, ఆ డబ్బుతో పెద్ద ఊళ్ళలోనే హైస్కూళ్ళు వెలిశాయి. భీమవరమో, తణుకో సైకిలు దూరంలో ఉండేది. విజయనగరంలో చదువు కోట నుంచి కిందికి దిగాల్సి వచ్చింది, గోదావరి జిల్లాలో ఊరి నుంచి పైకి వెళ్ళింది. నా దృష్టిలో అసలు తేడా ఇదే.

కాలవలు లేని చోట ఈ పని ప్రభుత్వమే చెయ్యాలి, చెయ్యగలదు కూడా. పాత విజయనగరం జిల్లా నుంచి చాలా భాగం వెళ్ళిన పార్వతీపురం మన్యం జిల్లా 2023, 2024, 2025 సంవత్సరాల్లో పదో తరగతి ఉత్తీర్ణతలో వరసగా రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచింది. గిరిజనులు ఎక్కువగా ఉన్న జిల్లా అది. ఉత్తీర్ణతే చదువు కాదని నాకూ తెలుసు. పైగా 2025లో మరో గిరిజన జిల్లా అల్లూరి సీతారామరాజు చివరి స్థానంలో ఉంది, కాబట్టి ఒకచోట పట్టిన మందు రెండోచోట ఎందుకు పట్టలేదో ఆరా తీయాలి. ఆశ్రమ పాఠశాలలూ, కస్తూర్బా విద్యాలయాలూ పిల్లల్ని ఒకే చోట నిలబెట్టి చదివించగలిగితే కొండ ప్రాంతపు పిల్లలు ఎవరికీ తీసిపోరని మాత్రం మన్యం చూపించింది.

ఈ పిల్లలు రేపు విశాఖ చేరతారు. ఆ ఘనత విశాఖ అంకెల్లో కలిసిపోతుంది. 2027 జనగణన దగ్గరకొస్తోంది. మనిషి పుట్టిన చోటు, చదువు రెండూ అందులో అడిగే ప్రశ్నలే. ఆ రెంటినీ కలిపి, ప్రతి పట్టణానికీ రెండు అంకెలు పక్కపక్కన ప్రకటించాలి: ఇప్పుడు ఇక్కడ ఉంటున్నవారిలో డిగ్రీ చేసినవారెందరు, ఇక్కడ పుట్టినవారిలో, ఎక్కడున్నా సరే, డిగ్రీ చేసినవారెందరు. నిధుల పంపకానికి రెండో అంకెను ఆధారం చేసుకోవాలి. ఊళ్ళో పుట్టిన పిల్లలకు చదువు అందిందో లేదో తేలేది దానితోనే.