ఫిక్స్‌డ్ పళ్లకూ బ్రష్షు కావాలి

రాత్రి పడుకోబోయే ముందు కట్టుడు పళ్లు తీసి గ్లాసులో వేయడం మునగాలలోని ఆ పెద్దాయనకు ఏళ్ల తరబడి అలవాటు. ఇంటికెవరైనా వస్తే మనవడు ముందు ఆ గ్లాసునే దాచేవాడు. దవడ ఎముకలోకి స్క్రూలు వేయించుకుని, వాటిపైన కింది వరస మొత్తం ఒకే బ్రిడ్జిగా బిగించుకుని వచ్చాక గ్లాసు అటకెక్కింది. దాని వెనకే బ్రష్షూ మూలన పడింది. 'ఇవేమన్నా పుచ్చే పళ్లా ఏంది?' అనేవాడాయన.

రెండేళ్లు గడిచాయి. నొప్పి లేదు, సలుపు లేదు. నోటి వాసన మొదట కోడలికే తెలిసింది. మామగారికి ఎలా చెప్పాలో తెలియక భర్తతో చెప్పించింది. కోదాడలో ఎక్స్‌రే తీయిస్తే ఒక స్క్రూ చుట్టూ ఎముక తరిగిపోయి కనిపించింది!

పెద్దాయన మాటలో సగం నిజముంది. అక్రిలిక్ గానీ, జిర్కోనియా గానీ పుచ్చదు. కానీ ఆ వరసను మోస్తున్నది ప్రాణమున్న ఎముక, దానిమీది చిగురు. బ్రిడ్జికీ చిగురుకూ మధ్య సందులో మెతుకులు ఇరుక్కుంటాయి, పాచి పడుతుంది. ముందు చిగురు ఎర్రబడి, బ్రష్షు తగిలితే రక్తం వస్తుంది. అప్పుడే శుభ్రం చేయించుకుంటే మామూలైపోతుంది. వదిలేస్తే వాపు ఎముకలోకి దిగుతుంది. దీన్నే పెరి ఇంప్లాంటైటిస్ అంటారు. పోయిన ఎముకను తిరిగి రప్పించడం చాలా కష్టం. సొంత పన్నయితే నరం ఉంటుంది కాబట్టి ముందే జివ్వున లాగి చెబుతుంది. స్క్రూకు నరమేదీ? అందుకే చాలామందిలో కదిలేదాకా కబురే ఉండదు.

జాగ్రత్తగా చూసుకుంటే మాత్రం ఇవి ఏళ్ల తరబడి ఉంటాయి. టైటానియం ఎముకతో కలిసిపోతుందని స్వీడన్‌కు చెందిన బ్రోనెమార్క్ 1950లలో కుందేళ్ల మీద పరిశోధనలు చేస్తుండగా గమనించారు. 1965లో ఆయన దగ్గర మొదటగా ఇంప్లాంట్లు వేయించుకున్న యోస్తా లార్సన్ 2006లో చనిపోయేదాకా, అంటే నలభై ఏళ్లు, వాటితోనే నమిలారు.

రోజూ చేయాల్సింది పెద్ద పనేం కాదు. రెండు పూటలా మెత్తటి బ్రష్షుతో, ముఖ్యంగా చిగురు అంచున తోముకోవాలి. బొగ్గుపొడి, ఇటుకపొడి, ఉప్పు ఈ పళ్ల మీద గీతలు పెడతాయి, ఆ గీతల్లో మళ్లీ పాచి చేరుతుంది. అసలు శుభ్రం చేయాల్సింది వరస కింద. చివర గట్టిగా, మధ్యలో దూదిలా ఉబ్బి ఉండే సూపర్ ఫ్లాస్ దారాన్ని ఆ సందులోకి దూర్చి అటూ ఇటూ లాగాలి. చేయి వణికేవాళ్లకు నీటి ధార కొట్టే వాటర్ ఫ్లాసర్ సులువు. మొదట తక్కువ ధారతో మొదలెట్టాలి. సందులకు వాడే బుల్లి బ్రష్షులైతే తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉన్నవే కొనాలి. అగ్గిపుల్ల, పిన్నీసు... వాటి జోలికే వెళ్లొద్దు.

ఉమ్మడి నల్గొండ జిల్లాలో ఫ్లోరైడ్ మాటెత్తితేనే పేస్టు డబ్బాను అనుమానంగా చూసేవాళ్లున్నారు. ఆ భయానికి కారణం లేకపోలేదు. కానీ పళ్లకు గార పట్టేది చిన్నతనంలో పళ్లు తయారయ్యే వయసులో, ఫ్లోరైడ్ ఎక్కువగా ఒంట్లోకి వెళ్తేనే. పెద్దయ్యాక పేస్టు వల్ల రాదు. ఒక దవడకే బ్రిడ్జి ఉండి, రెండో దవడలో సొంత పళ్లుంటే వాటికి ఫ్లోరైడ్ పేస్టే మేలు.

తిండి సంగతీ ఉంది. అన్నంలో రాయి తగిలితే సొంత పన్ను చప్పున వెనక్కి తగ్గుతుంది. ఈ పళ్లకు ఆ స్పర్శ తక్కువ. చెరకు గడ, మాంసంలో ఎముక, రాయిలాంటి సకినం కొరికితే పన్ను ముక్క లేచిపోవచ్చు, స్క్రూ వదులు కావచ్చు. నిద్రలో పళ్లు కొరికే అలవాటున్నవాళ్లు డాక్టరుకు చెప్పి నైట్‌గార్డు చేయించుకోవాలి. చుట్ట, గుట్కా, అదుపులో లేని షుగరు ఈ ఎముకకు పెద్ద శత్రువులు. ఆరు నెలలకోసారి చూపించుకోవాలి, డాక్టరు చెప్పినప్పుడు ఎక్స్‌రే తీయించుకోవాలి. అవసరమైతే వాళ్లే వరస విప్పి, కింద శుభ్రం చేసి మళ్లీ బిగిస్తారు.

పెద్దాయన విషయంలో ఇక్కడే చిక్కొచ్చింది. ఆయన ఇంప్లాంట్లు వేయించుకున్నది హైదరాబాద్‌లో. ఏ కంపెనీవో గుర్తు లేదు. కంపెనీని బట్టి స్క్రూ మారుతుంది, దాన్ని విప్పే పనిముట్టూ మారుతుంది. కంపెనీ పేరు, సైజు రాసిచ్చిన కార్డు కోసం కొడుకూ కోడలూ బీరువా, ట్రంకుపెట్టె అన్నీ గాలించారు. మూడో రోజు వడ్లు అమ్మిన రసీదుల మధ్య దొరికింది. ఆ తర్వాతే వరస విప్పగలిగారు. కార్డు ఇప్పుడు రేషన్ కార్డు పక్కనే ఉంది, ఫొటో కొడుకు ఫోన్లో ఉంది. రాత్రిపూట వాటర్ ఫ్లాసర్‌లో గోరువెచ్చని నీళ్లు పోసిచ్చే పని మనవడిది.