పత్తిలో పేనుబంక – మందులకు లొంగని స్థితి రాకుండా ముందుజాగ్రత్త అవసరం

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి 2016 అక్టోబరు 11న ఏర్పడిన జోగుళాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలలో పత్తి ముఖ్యమైన వాణిజ్య పంట. గద్వాల జిల్లాలోని అయిజ, గట్టు, మల్దకల్, ధరూర్ మండలాలు సంకర పత్తి విత్తనోత్పత్తికి పేరుపొందినవి. ఈ పంటకు పేనుబంక బెడద ఏటా తప్పడం లేదు.

2002లో దేశంలో బి.టి. పత్తికి అనుమతి లభించింది. బి.టి. జన్యువు కాయతొలుచు పురుగుల కొరకు ఉద్దేశించినదే తప్ప రసం పీల్చు పురుగులపై పనిచేయదు. అందువలన పేనుబంక నివారణకు రైతులు మందులపైనే ఆధారపడుతున్నారు. పేనుబంక ఆడపురుగు మగపురుగుతో నిమిత్తం లేకుండా నేరుగా పిల్లలను కంటుంది. ఆ పిల్ల వారం, పది రోజులలో తల్లి అవుతుంది. మందును తట్టుకొన్న ఒక్క పురుగు ఉన్నా, దాని సంతతి అంతటికీ ఆ గుణం సంక్రమిస్తుంది.

ఇక్కడ రైతులు గమనించవలసిన ముఖ్య విషయం ఒకటి ఉన్నది. ఇమిడాక్లోప్రిడ్, థయోమిథాక్సామ్, ఎసిటామిప్రిడ్, డైనోటెఫ్యురాన్ పేర్లు వేరైనా అన్నీ నియోనికోటినాయిడ్ వర్గానికే చెందినవి. సంచిలోని విత్తనానికి సాధారణంగా ఇదే వర్గపు మందు పట్టించి ఉంటుంది. ఆపై తొలి పిచికారీ, మలి పిచికారీ కూడా ఇదే వర్గంతో చేసినచో డబ్బా మారుతుంది గాని మందు మారదు. ఆస్ట్రేలియా పత్తి క్షేత్రాలలో ఇదే విధంగా విత్తనశుద్ధి, పిచికారీ రెండూ ఒకే వర్గంతో సాగగా పేనుబంకలో నిరోధక శక్తి బయటపడినట్లు 2011లో శాస్త్రవేత్తలు ప్రకటించారు.

మందు పనిచేయనప్పుడు మోతాదు పెంచడం, రెండు మూడు మందులు కలిపి కొట్టడం పరిపాటి. దీనివలన పెట్టుబడి పెరుగుతుంది. పేనుబంకను తినే అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు నశిస్తాయి. విత్తన క్షేత్రాలలో పూలను చేతితో సంకరపరచే కూలీలు రోజుల తరబడి ఆ మొక్కల మధ్యనే పనిచేస్తారు కనుక అధిక పిచికారీల ప్రభావం మొదట వారిపైనే పడుతుంది.

నివారణ మార్గాలు కష్టసాధ్యమైనవి కావు. విత్తనశుద్ధి చేసిన పంటపై తొలి పిచికారీకి లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె వాడవచ్చును. ఉధృతి పెరిగినచో వేరే వర్గానికి చెందిన ఫ్లోనికామిడ్ 0.3 గ్రాములు లీటరు నీటికి కలిపి పిచికారీ చేయవలెను. ఒకే వర్గపు మందును వెంటవెంటనే వాడరాదు. కాండానికి మందు పూత పూయుట వలన మిత్రపురుగులకు హాని తగ్గును. చేను చుట్టూ జొన్న, మొక్కజొన్న వరుసలు, అంతరపంటగా పెసర, అలసంద వేసుకొనుట, నత్రజనిని మితంగా వాడుట మేలు.

మందు కొనేటప్పుడు వ్యాపార నామం కాక, డబ్బాపై ముద్రించిన రసాయన నామం చూచి, బిల్లు తప్పక తీసుకొనవలెను. సందేహాలున్న రైతులు తమ క్లస్టరు వ్యవసాయ విస్తరణాధికారిని గాని, నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం శాస్త్రవేత్తలను గాని సంప్రదించి తగు సలహాలు పొందగలరు.