తాళం లేని లెక్క



ఉగాది భోజనాలకు 400 కూపన్లే అని అందరం కలిసి తీర్మానించుకున్నాం. పంక్తుల్లో కూర్చున్నవాళ్లు అంతకు మించారు, అందరి ఫోన్లలోనూ కూపన్ ఉంది. యాప్‌లో లెక్క మాత్రం సరిగ్గా 400! చివరికి వడ్డించిన ఆడవాళ్లకే అన్నం మిగల్లేదు. పైగా గేటు దగ్గర కూర్చున్న కుర్రాడు దొంగ కూపన్లు పంచాడని నింద. యాప్ రాసిన పిల్లలేమో "అంకుల్, ఎప్పుడో వెయ్యిలో ఒకసారి అలా అవుతుంది" అంటున్నారు. మేము ఒప్పుకోం.

మేము బడిలో చదివింది తమిళం, ఇంట్లో నేర్చింది తెలుగు, రైల్వే నేర్పింది లెక్క. పిల్లలు చూపించిన కోడ్‌లో 'కౌంట్ ప్లస్ ప్లస్' అని ఒక్క వరుస ఉంది. చూడ్డానికి ఒకటే పని, లోపల మూడు: పాత అంకె చదవడం, ఒకటి కలపడం, కొత్త అంకె రాయడం. రెండు థ్రెడ్లు ఒకేసారి 399 చదివితే రెండూ 400 అనే రాస్తాయి. కూపన్లు రెండు వెళ్లాయి, లెక్క ఒకటే పెరిగింది. ఇందులో ఆ కుర్రాడి తప్పేముంది?

వెయ్యిలో ఒకసారేనట! ఒక్కడే కూర్చుని పరీక్షిస్తే ఈ తప్పు కనబడదు. జనం ఎగబడ్డ రోజే, అంటే లెక్క అవసరమైన రోజే బయటపడుతుంది.

సింగిల్ లైన్ మీద టోకెన్ గుండు చేతికి వస్తేనే డ్రైవరు బండి కదిలించేవాడు. రెండు స్టేషన్ల పెట్టెలకూ తీగతో ముడి. ఒక గుండు బయట ఉంటే ఇంకోటి రాదు. "బళ్లు ఎదురుపడటం అరుదే కదా" అని ఏ స్టేషన్ మాస్టరూ అనలేదు. 1960లలో డచ్ శాస్త్రవేత్త డైక్‌స్ట్రా కంప్యూటర్ తాళానికి సెమాఫోర్ అని పేరు పెట్టింది కూడా రైలు సిగ్నల్‌ని చూసే. 1994లో సికింద్రాబాద్‌లో కాన్సర్ట్ రిజర్వేషన్ మొదలైంది. అన్ని కౌంటర్ల చేతులూ ఒకే బెర్త్ మీద పడేచోట, ఖాళీ చూడటం ఒకసారి, ఇవ్వడం ఇంకోసారి అయితే ఏమయ్యేదో ఆలోచించండి.

"తాళం వేస్తే యాప్ నెమ్మదిస్తుంది" అని ఇంకో సాకు. మన 400 కూపన్లకా? జావాలో 2004 నుంచే అటామిక్ ఇంటిజర్ ఉంది, తాళం కూడా అక్కర్లేదు. 'వోలటైల్' అని రాసి చేతులు దులుపుకోవద్దు. అది తాజా అంకె చూపిస్తుంది గానీ మూడు పనుల్ని ఒకటి చెయ్యదు. అటామిక్ పెట్టినా, "400 లోపు ఉందా" అని అడగడం, ఒకటి కలపడం ఒకే ఊపిరిలో జరగాలి. సర్వర్లు రెండైతే ఆ పని డేటాబేస్‌కే, షరతుతో కలిపి ఒకే ఆజ్ఞగా అప్పగించాలి.

మా రోజుల్లో క్యాష్ తగ్గితే గుమాస్తా జీతంలోంచి పోయేది. అందుకే చెబుతున్నాం: లెక్కకు తాళం వెయ్యకుండా మనిషిని అనుమానించడం అన్యాయం. బతుకమ్మ పండుగలోపు యాప్ సరిచెయ్యండి. అంతకంటే ముందు ఆ కుర్రాడికి అందరి ఎదుటా క్షమాపణ చెబుదాం.