ఒక్కరి మాటకే ఆవుని తోలేస్తామా?

సంకరజాతి ఆవుకి భుజం ముందు బిళ్ళ కడితే చేత్తో తడిమి "క్యాన్సరేమో" అంటారు. ఆ "ఏమో" మన చెవికెక్కదు. సాయంత్రానికల్లా బేరగాడు వాకిట్లో ఉంటాడు, అడ్డికి పావుసేరు అడుగుతాడు.

పిడుదుల వల్ల వచ్చే థైలేరియా జ్వరంలోనూ అక్కడే బిళ్ళలు కడతాయండి. దానికి బుపార్వాక్వోన్ ఇంజక్షన్ ఉంది. తొందరగా పడితే ఆవు దక్కే అవకాశం ఉంది. ఏ రోగమో తేల్చాల్సింది చెయ్యి కాదు; రక్తం తీసి, గాజు పలక మీద పూసి మైక్రోస్కోపులో చూడాలి.

రెండో డాక్టరుని అడిగితే మొదటాయనకి కోపమొస్తుందని మొహమాటమా? మనకైతే కాకినాడ జీజీహెచ్‌లో చూపించుకుని కూడా విశాఖ కేజీహెచ్‌కి పరిగెడతాం కదా! నోరులేని జీవానికి ఆపాటి న్యాయం లేదా? 1962కి ఫోన్ చెయ్యండి, రక్తపరీక్ష అడగండి. ఆ కాగితం చేతికొచ్చాకే బేరం మాట.