కట్టడం మీ వంతు, కోయడం మా వంతా?

ఇంటికో చెక్కపెట్టె వస్తుంది. లోపల పాలరాతి బల్లో, అమెరికానుంచి ఓడలో బయల్దేరిన అమ్మాయి సామానో, ఏదైనా కానివ్వండి. పెట్టె చుట్టూ స్టీలు పట్టీలు. తెచ్చినవాడు సంతకం పెట్టించుకుని చక్కా పోతాడు. ఆ తర్వాత అందరి చూపూ వంటింటి వైపే. "కత్తిపీట పట్రావోయ్!"

ఎందుకండీ కత్తిపీట? అది వంకాయలు తరగడానికి కొనుక్కున్నది.

అసలీ పట్టీ సంగతి కాస్త చెప్పుకోవాలి. ముప్పాతిక అంగుళం వెడల్పు, అర మిల్లీమీటరు మందం, చూడ్డానికి రిబ్బనే. కానీ దాన్ని వందల కిలోల బలంతో లాగి బిగిస్తారు. ఆ బలమంతా సాగదీసిన స్ప్రింగులా పెట్టె చుట్టూ కాచుక్కూచుంటుంది. తెగిన మరుక్షణం కొసలు రెండూ ఎగిరి లేస్తాయి. అంచు చూస్తే బ్లేడు. వంగి చూస్తున్న మనిషి కళ్ళు సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటాయి.

ఇక కట్టేవాడి చేతిలో పనిముట్టు చూస్తే కన్నుకుట్టక మానదు. ఒక పిడి ఆడిస్తే పళ్ళచక్రం పట్టీని లాగి బిగిస్తుంది. ఇంకో పిడి నొక్కితే రెండు పొరలూ కలిసి బిళ్ళతోనో గంట్లతోనో ముడిపడతాయి. లోపలున్న చిన్న బ్లేడు మిగులు పట్టీని తెగ్గోస్తుంది. పై పొర తెగుతుంది, కింది పొరకి గీటైనా పడదు! గుత్తివంకాయకి కాయ విడిపోకుండా గాటు పెట్టే చేతులు మనవి, ఆ నేర్పు విలువ మనకి తెలుసు. నా గొడవ ఆ బ్లేడుతో కాదు. కట్టడానికి అంత బుర్ర పెట్టినవాళ్ళు, విప్పేవాళ్ళ ఊసెందుకెత్తరని.

పోనీ విప్పడానికి సాధనం లేదా అంటే, శుభ్రంగా ఉంది. పొడుగు పిడుల కత్తెర. కింది దవడ పల్చగా, మొన మొద్దుగా ఉండి పట్టీ కిందికి జారుతుంది, సామాను గీసుకోదు. పిడులు పొడుగు గనక మనిషి ఎడంగా నిలబడొచ్చు. కొన్నిటికి తెగిన కొసలు ఎగరకుండా అదిమిపట్టే ఏర్పాటు కూడా ఉంటుంది. గోదాములో పనివాడికైతే చేతితొడుగులు, కళ్ళద్దాలు పెట్టుకోమంటారు, పట్టీకి ఎదురుగా నిలబడొద్దంటారు. మా గుమ్మం దాటగానే పట్టీ మెత్తబడిపోతుందా?

"సుత్తి వెనక కొక్కెంతో లాగేస్తే పోలా?" అనే పెద్దమనుషులుంటారు. ఉన్న బిగువు చాలక మన బలం కూడా దానికి తోడివ్వడం అది. ఉట్టి మొండితనం!

"కత్తెర ఖరీదండీ" అంటారు వ్యాపారులు. ఇంటింటికీ ఒకటి ఇమ్మన్నదెవరు? బండికొకటి చాలు. తెచ్చినవాడే కోసి, ముక్కలు చుట్టబెట్టి తీసుకుపోవాలి. గుంటూరునుంచి పత్తి బేళ్ళు వెళితే నూలుమిల్లులో పనివాళ్ళే కట్లు కోసుకుంటారు. మిల్లు యజమాని భార్యని కత్తిపీట పట్రమ్మని అడగరు కదా!

ప్లాస్టిక్ పట్టీలొచ్చేశాయిగా అంటారేమో. వచ్చాయి, సంతోషం. బరువు సామాన్లకి, పదునంచులున్నవాటికి ఇంకా స్టీలు వాడుతూనే ఉన్నారు.

అందుకని ఈసారి పెట్టె దించి సంతకం అడిగితే, ముందు పట్టీలు కోయమనండి. "కత్తెర లేదమ్మా" అంటే, పెన్నూ లేదనండి.