రక్తాన్ని అడిగారు, దస్తర్ఖాన్‌ను కూడా అడగండి



2020 డిసెంబర్ 5న ఏలూరు వన్‌టౌన్‌లో, దక్షిణపు వీధి చుట్టుపక్కల మనుషులు ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయారు. కొద్ది రోజుల్లోనే ఆరు వందల మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. ఒకాయన ఇంతెఖాల్ అయ్యారు. ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. ఆ తర్వాత పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణం కావచ్చని ప్రభుత్వం చెప్పింది. 2021 జనవరిలో పూళ్ల, కొమిరేపల్లి గ్రామాల్లో కూడా అలాంటి కేసులే వచ్చాయి. తర్వాత ఫిట్స్ ఆగాయి, చర్చ కూడా ఆగింది.

నా ఏతరాజ్ ఇక్కడే. ఒక్క పూటలో మనిషిని పడగొట్టే జహర్ వేరు, రోజూ ముద్దముద్దతో ఒంట్లో చేరేది వేరు. రక్తంలో సీసం ఎక్కువగా ఈమధ్య వారాల సంగతే చెబుతుంది. పాతది ఎముకల్లో దాక్కుని ఏళ్ల తరబడి ఉంటుంది. కడుపుతో ఉన్న తల్లి ఎముకల నుంచి అది బిడ్డకూ చేరుతుంది. అందుకే రక్తంతో పాటు దస్తర్ఖాన్ హిసాబ్ కూడా తీయాలి.

ఆ హిసాబ్ కష్టమేమీ కాదు. ఒక పదార్థంలో లోహం ఎంత ఉంది, మనం అది ఎంత తింటాం, మన బరువెంత, ఈ మూడూ తెలిస్తే చాలు. మిసాల్‌కు, కిలోకు 0.1 మిల్లీగ్రాము సీసం ఉన్న చేప అనుకుందాం. అరవై కిలోల అబ్బా 200 గ్రాములు తింటే 20 మైక్రోగ్రాములు. పదిహేను కిలోల పాప 100 గ్రాములు తింటే 10. పాప తిన్నది సగమే, కానీ బరువు లెక్కన చూస్తే అబ్బాకు రెండింతలు పడింది. పైగా పిల్లల పేగులు సీసాన్ని పెద్దల కంటే చాలా ఎక్కువగా పీల్చుకుంటాయి. సీసానికి ఇంతవరకు ఫర్వాలేదు అనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

కాబట్టి కొల్లేరు చేప, తాడేపల్లిగూడెం మార్కెట్ కూరగాయలు, డెల్టా బియ్యం, పాలు, మసాలాలు అంగట్లో కొని, మన ఇళ్లలో వండినట్టే వండి పరీక్షించాలి. బుడమేరు, తమ్మిలేరు ఊళ్ల మురుగును మోసుకొచ్చి కొల్లేట్లోనే కలుస్తాయి. ఆ చేప మన ఇళ్లలో వారానికి ఎన్నిసార్లు ఉడుకుతుందో అడగకుండా లెక్క ఎలా పూర్తవుతుంది?

మన ఇళ్లకు వచ్చి అడిగేవాళ్లు ఇంకో రెండు సవాళ్లు వేయాలి. ఒకటి, దేగ్‌కు కలాయి ఎవరు వేశారు? తగరంలో సీసం కలిపి పూస్తే ఖట్టా, దహీ వండినప్పుడు అది కూరలోకి దిగుతుంది. రెండోది, సుర్మా. ఈద్ పొద్దున మా అమ్మీ నా కళ్లకు పెట్టేది. సున్నత్‌గా చెప్పుకునేది ఇస్మిద్. కానీ సుర్మా పేరుతో అమ్మే రాయి చాలాసార్లు సీసపు ఖనిజమే. పిల్లలు కళ్లు నలుపుకుని, అదే వేలు నోట్లో పెట్టుకుంటారు. తిండి గురించి మాత్రమే అడిగే ఫారంలో ఇది ఎక్కడా కనిపించదు.

సర్కార్ వచ్చేదాకా కూర్చోనక్కర్లేదు. పసిపిల్లలకు సుర్మా మానేయండి. మెరిసిపోయే పసుపు పొడి బదులు కొమ్ములు కొని కడిగి, ఎండబెట్టి ఆడించుకోండి. పిల్లలకు పాలు, ఆకుకూరలు, గుడ్లు తక్కువ కానివ్వకండి. కాల్షియం, ఐరన్ సరిపడా ఉంటే సీసం తక్కువగా ఒంటికి పడుతుంది.

ఖురాన్‌లో హలాల్ పక్కనే తయ్యిబ్ అనే మాట ఉంది. మనం కసాయి దుకాణం దగ్గర హలాలా అని అడుగుతాం. మిగతా అంగళ్ల దగ్గర తయ్యిబ్ గురించి అడగడం మర్చిపోయాం. ఏలూరు మునిసిపల్ అధికారులను, మన ఎమ్మెల్యేలను ఆ ప్రశ్న అడుగుదాం: మా పిల్లల ప్లేటులో ఏముందో ఏటేటా కొలిచి, వార్డు వార్డుకూ చెబుతారా?