నెట్టుకు మతిమరుపు

మొన్నామధ్య ఓ ఆదివారం పొద్దున్నే బాబాయ్ ఫోను. ‘ఒరేయ్, మా నెట్టుకు మతిమరుపొచ్చిందిరా. రోజూ బ్యాంకు పేజీ తెరవగానే పాస్‌వర్డ్ తనే నింపేసేది. ఇవాళ ఖాళీ గడి చూపిస్తోంది. నీకేమన్నా గుర్తుందా?’ అన్నాడు.

బాబాయ్ పాస్‌వర్డ్ నాకెలా గుర్తుంటుంది! ‘ఆ పేజీ ఎలా తెరిచావు?’ అనడిగాను. కేవైసీ గడువు ముగిసిందని మెయిల్ వచ్చిందట, అందులో లింకు నొక్కాడట. ‘ఇంకేమీ నొక్కకు, అలాగే ఉంచు’ అని చెప్పి బండి తీశాను.

బాబాయ్ లెక్కలో తెర మీద కనిపించేదంతా నెట్టే. చాలా ఇళ్లలో అంతే. ఇంకొందరికి అదంతా గూగుల్. నిజానికి మనం రోజూ తెరిచే క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఎడ్జ్, సఫారీ... ఇవన్నీ బ్రౌజర్లు. నెట్ దారి అయితే, ఆ దారిన వెళ్లి అడిగిన పేజీని తెచ్చిపెట్టేది బ్రౌజర్. మనం చిరునామా కొట్టగానే ముందు ఆ పేరున్న కంప్యూటర్ నంబరేమిటో వాకబు చేస్తుంది. ఆనక దాన్ని పేజీ అడుగుతుంది. అక్కణ్నుంచి తయారైన పేజీ రాదు. ‘ఇక్కడ శీర్షిక, ఇక్కడ బొమ్మ, ఇక్కడో గడి’ అంటూ హెచ్‌టీఎంఎల్ అనే భాషలో రాసిన సూచనలు వస్తాయి. హోటల్‌కి చెబితే ఇడ్లీ పంపకుండా ఎలా చేయాలో చీటీ రాసి పంపినట్టన్నమాట. వండి వడ్డించేది బ్రౌజరే. అందుకే ఒకే పేజీ ఫోన్లో ఒకలా, కంప్యూటర్లో ఇంకోలా కనిపిస్తుంది.

మొట్టమొదటి బ్రౌజర్‌ని 1990లో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ రాశాడు. అక్షరాల పక్కనే బొమ్మల్నీ చూపించే మొజాయిక్ 1993లో వచ్చాక జనం ఎగబడ్డారు. నెట్ సెంటర్లో గంటకింతని కట్టి మనం నొక్కిన నీలం రంగు ‘ఈ’ గుర్తుందిగా, ఆ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి 2022 జూన్‌లో మైక్రోసాఫ్ట్ సెలవిచ్చేసింది.

చిక్కేమిటంటే, చీటీని ఎవరైనా నకలు కొట్టొచ్చు.

నేను వెళ్లేసరికి బాబాయ్ తెర ముందు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పేజీ అచ్చంగా బ్యాంకుదే. అదే రంగు, అదే ముద్ర. ‘పైన తాళం కూడా ఉందిరా!’ అని ఫైర్‌ఫాక్స్‌లో చిన్న బొమ్మ చూపించాడు. ఆ తాళం చెప్పేది ఒకటే... మనం పంపేది దారిలో ఇంకెవరూ చదవలేరని. అవతల కూర్చున్నది పెద్దమనిషో దొంగో అది చెప్పదు. అలాంటి తాళం ఎవరికైనా ఉచితంగానే దొరుకుతుంది. జనం దాన్ని నిజాయితీకి గుర్తు అనుకుంటున్నారనే క్రోమ్ 2023 సెప్టెంబరులో చిరునామా పక్కనుంచి తాళం బొమ్మ తీసేసింది.

ఇక చిరునామా చూద్దుము కదా, మొదట్లో బ్యాంకు పేరు భేషుగ్గా ఉంది. చివర్లో మాత్రం ఎవరిదో ఊరూ పేరూ లేని డాట్ కామ్. ఉత్తరం మీద ఊరు చివర రాసినట్టే, ఇక్కడా అసలు యజమాని పేరు చివరే ఉంటుంది. ఏటవాలు గీత వచ్చేలోపు ఆఖర్న ఏముందో చూడాలి. మన కళ్లు రంగులు చూసి మోసపోతాయి. బ్రౌజర్ రంగులు చూడదు. పాస్‌వర్డ్ దాచిన నాటి చిరునామాతో ఇవాళ్టిది సరిపోల్చుకుంటుంది. తేడా వస్తే గడి ఖాళీగా వదిలేస్తుంది. ‘మతిమరుపు కాదు బాబాయ్, దానికి బాగానే గుర్తుంది’ అన్నాను.

(నలుగురూ వాడే కంప్యూటర్లో బ్యాంకు పాస్‌వర్డ్ దాచొద్దని బాబాయ్‌తో ఎన్నిసార్లు పోట్లాడానో! ఆ పూట మాత్రం నోరెత్తలేదు.)

గడి ఖాళీగా ఉంటే ప్రతిసారీ దొంగ పేజీయే అనుకోనక్కర్లేదు. బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’తో ముగిసే చిరునామాకు మారాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. కొత్త చిరునామా మొదటిసారి తెరిచినప్పుడూ పాస్‌వర్డ్ రాకపోవచ్చు. అప్పుడు ఆ తోకను చూసుకోవాలి. దాన్ని బ్యాంకులకు తప్ప ఇంకెవరికీ ఇవ్వరు. ఇచ్చే పని మన హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ సంస్థదే.

ఆ పేజీ మూసేసి, బ్యాంకు చిరునామా మేమే కొట్టాం. పాస్‌వర్డ్ ఎప్పట్లా వచ్చి కూర్చుంది. కేవైసీకి ఏ గడువూ లేదు. ఒకవేళ డబ్బు పోతే క్షణం ఆగకుండా 1930కి ఫోన్ చేయాలని క్యాలెండర్ మీద రాసిపెట్టాను.

కాఫీ తెచ్చిన పిన్ని ఆ అంకె చూసి, ‘పోయిన వారం కరెంటు బిల్లుదంటూ ఫోనుకి ఇలాంటి లింకే వచ్చిందిగా... అందులో కార్డు నంబరు కొట్టారు మీ బాబాయ్’ అంది. బాబాయ్ నా వంక చూడలేదు. గ్లాసు పక్కన పెట్టి, ఆయన ఫోను అందుకున్నాను.